విశాఖలో కొలిచిన గీత



పునాదికి ముగ్గు పోసే మేస్త్రి మూల సరిచూడడానికి ఒకవైపు మూడడుగులు, రెండోవైపు నాలుగడుగులు గుర్తు పెడతాడు. ఆ గుర్తుల మధ్య టేపు ఐదడుగులు చూపిస్తే మూల మట్టానికి ఉన్నట్టే. భుజాలు తెలిశాయి కాబట్టి కోణం ఖాయమైంది. ఇదే లెక్కను తిరగేయండి. లంబకోణ త్రిభుజంలో ఇంకొక్క కోణం, ఒక్క భుజం తెలిస్తే మిగతా భుజాలు కాగితం మీదే తేలిపోతాయి. మన దేశపటం ఇలా తేలిందే. అందులో విశాఖపట్నానికీ వాటా ఉంది.

ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే వచ్చేదే పదో తరగతి ‘టాన్’. త్రిభుజం అరచేతిలో పట్టేదైనా, కొండంతదైనా, కోణం మారనంతవరకు ఆ భాగఫలం మారదు. 10 డిగ్రీలకు అది 0.1763. శిఖరానికి సరిగ్గా అడుగున ఉన్న చోటు మనకు కిలోమీటరు దూరంలో ఉండి, శిఖరం 10 డిగ్రీల ఎత్తున కనిపిస్తే, అది మన కంటికన్నా 176 మీటర్లు పైన ఉన్నట్టు. చూపు తప్పి 11 డిగ్రీలు అనుకున్నామా, 194 మీటర్లవుతుంది. ఒక్క డిగ్రీకి ఆరంతస్తుల తేడా! సర్వేవాళ్లు కోణాల దగ్గర అంత చాదస్తంగా ఉండేది ఇందుకే.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే, దేశాన్నంతా త్రిభుజాల గొలుసులతో కప్పింది. ఏ త్రిభుజంలోనైనా ఒక లంబం దించితే రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయి కదా, అక్కడినుంచి మన లెక్కే. అయితే గొలుసు మొదట్లో ఒక్క పొడవైనా నేల మీద చేతులతో కొలవాలి. అదే ఆధారరేఖ. అందులో తప్పు దొర్లితే దాని మీద కట్టిన ప్రతి త్రిభుజమూ అదే పాళ్లలో తప్పుతుంది. అందుకే దూరదూరంగా మరికొన్ని రేఖలు కొలిచి సరిచూసుకున్నారు. 1862-63లో కొలిచిన విశాఖపట్నం ఆధారరేఖ వాటిలో ఒకటి.

కొలతకు వాడే మామూలు గొలుసు ఎండకు సాగుతుంది. దానికి విరుగుడుగా కోల్బీ అనే ఇంజనీరు కనిపెట్టిన కడ్డీలు వాడారు. ఒక ఇనప కడ్డీ, ఒక ఇత్తడి కడ్డీ పక్కపక్కన పెట్టి నడుమ బిగిస్తారు. ఇనుము మూడు పాళ్లు సాగితే ఇత్తడి సుమారు ఐదు పాళ్లు సాగుతుంది. రెండు వైపులా కడ్డీల కొసలను కలుపుతూ ఒక్కో చిన్న ఉక్కు నాలుక ఉంటుంది. ఇత్తడి ఎక్కువ సాగేసరికి ఆ నాలుక వాలుతుంది. ఆ వాలులో ఏర్పడే సరూప త్రిభుజాలను బట్టి, ఇనుము దాటి బయటికి వచ్చిన నాలుక మీద కదలకుండా ఉండే చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడ చుక్క పెట్టారు. రెండు కొసల చుక్కల మధ్య దూరం పదడుగులు, ఎండైనా చలైనా. త్రిభుజాలను కొలవబోయే కడ్డీలోనే త్రిభుజాన్ని దాచిపెట్టిన ఆ పనితనం నాకు భలే ముచ్చటేస్తుంది.

ఆధారరేఖ నుంచి దూరం తేల్చే ఈ కిటుకు భూమితో ఆగలేదు. విశాఖ డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన నక్షత్రశాలలో ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న, శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం చూసి లెక్కలు రాసుకున్నారు. భూమ్మీద రెండు చోట్ల మధ్య దూరాన్ని ఆధారరేఖగా పెట్టుకుని సూర్యుడి దూరం తేల్చాలని ప్రపంచమంతా చూసిన ఘట్టమది. మన ఊరి పేరు లండన్ ఖగోళ పత్రికకెక్కింది.

పిల్లలున్న ఇంట్లో ఈ ఆదివారం ఒక పని చేయండి. కోణమాని తిన్నటి అంచుకు ఒక స్ట్రా అంటించి, మధ్య బిందువు నుంచి దారంతో ఒక నట్టు వేలాడదీయండి. స్ట్రాలోంచి కొబ్బరిచెట్టు మొవ్వును చూస్తూ, దారం 90 నుంచి 45 డిగ్రీలు జరిగేదాకా వెనక్కి నడవండి. అక్కడినుంచి మొదలు దాకా ఉన్న దూరానికి మీ కంటి ఎత్తు కలిపితే చెట్టు ఎత్తు. సూర్యుడి వైపు మాత్రం ఆ గొట్టం తిప్పనివ్వకండి.