నిచ్చెన కాదు, చెట్టు

(ఆళ్లగడ్డలో దళిత యువజనులు, కూలీలు, ఉపాధ్యాయులు కూర్చున్న ఒక సాయంత్రం సభలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పొద్దు నన్ను డార్విన్ గురించి మాట్లాడమన్నారు. కూలి రేట్లు ఉన్నాయి, ఇంటి పట్టాలు ఉన్నాయి, శ్మశానానికి దారి లేని ఊళ్లు ఉన్నాయి. ఇవన్నీ విడిచిపెట్టి మనిషి ఎట్ల పుట్టినాడో మనకెందుకని కొందరికి అనిపించి ఉంటుంది. అడగదగ్గ ప్రశ్నే. మన దేశంలో మనిషి ఎట్ల పుట్టినాడు అన్న ప్రశ్నకు ఇంకో ప్రశ్న ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. ఎవరు ఎక్కడ పుట్టినారు? నోట్లోనా, పాదాల్లోనా? ఆ జవాబు కిందనే మన తాతముత్తాతల బతుకులు నలిగినాయి. అందుకే ఇది మన విషయం.

పాఠం మీద పడిన కత్తెర

2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల శాఖ సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ డార్విన్ సిద్ధాంతం తప్పన్నారు. కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు, బడి పుస్తకాలు మార్చాలి అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి, మంత్రి మాటకు ఆధారం లేదని ప్రకటన ఇచ్చినాయి.

ఏడాది తిరిగింది. 2019 జనవరిలో జలంధర్‌లో సైన్స్ కాంగ్రెస్ జరిగింది. అక్కడ, అదీ బడిపిల్లల ముందర, అప్పటి ఆంధ్రా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు గారు డార్విన్ కన్నా దశావతారాలే మంచి సిద్ధాంతం అని చెప్పినారు. కౌరవులు టెస్ట్ ట్యూబ్ బిడ్డలన్నారు. రావణుడికి 24 రకాల విమానాలున్నాయన్నారు. ఆయన రసాయన శాస్త్రం ప్రొఫెసరు. చదువు లేని మనిషి ఆ మాటంటే ఊళ్లో నవ్వి ఊరుకుంటారు. వైస్ ఛాన్సలర్ అంటే పిల్లలు నోటుపుస్తకంలో రాసుకుంటారు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో "అనువంశికత, పరిణామం" అనే పాఠంలో పరిణామం పోయి అనువంశికత ఒక్కటే మిగిలింది. పిల్లల మీద బరువు తగ్గించినాం అన్నారు. ఇది తప్పని 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేసినారు. పైతరగతుల్లో ఉంది కదా, అక్కడ చదువుకుంటారు అని జవాబొచ్చింది. పైతరగతుల్లో ఎవరు చదువుతారు? జీవశాస్త్రం తీసుకున్న పిల్లలు. మరి పదితో చదువు ఆపి బేల్దారి పనికి, పత్తి ఏరడానికి, బెంగళూరు కూలికి పోయేది ఎవరి పిల్లలు? ఆ కత్తెర ఎవరి మీద పడిందో మీరే లెక్కేయండి. ఢిల్లీ పుస్తకంలో పడిన కోత ఊరి బడిదాకా రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

శిల్పి లేని శిల్పమా?

డార్విన్‌ను కాదనే వాళ్ల దగ్గర బలమైన ప్రశ్న ఒకటుంది. దాన్ని దాచిపెట్టి మాట్లాడితే మోసం. మన ఆళ్లగడ్డ శిల్పులకు పేరు. రాళ్లు చెక్కే చప్పుడు వింటానే పెరిగినాం. ఎవరైనా వచ్చి, "అయ్యా, శిల్పి లేకుండా శిల్పం అవుతుందా? రాతిబొమ్మకే ఒకరు కావాల్సొస్తే, చూసే కన్ను, కొట్టుకునే గుండె, ఇవన్నీ చేసినోడు ఒకడుండొద్దా?" అని అడిగితే ఏం చెప్తారు?

ఈ ప్రశ్న పాతదే. 1802లో ఇంగ్లండులో విలియం పేలీ అనే పాద్రి గడియారాన్ని చూపించి ఇదే అడిగినాడు. అమెరికాలో ఈ వాదాన్ని సృష్టివాదం పేరుతో బళ్లలో పెట్టబోతే, అది మతబోధన, సర్కారు బడిలో కుదరదని 1987లో వాళ్ల సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పుడు పేరు మార్చినారు. తెలివైన రూపకల్పన అన్నారు. 2004లో పెన్సిల్వేనియాలోని డోవర్ అనే ఊళ్లో బడి పిల్లల తల్లిదండ్రులే కోర్టుకు పోయినారు. వాళ్లు చూపిన పుస్తకం పాత చిత్తుప్రతులు తీసి చూస్తే, 'సృష్టివాదులు' అని ఉన్నచోటల్లా 'రూపకల్పనవాదులు' అని మార్చిన ఆనవాళ్లు దొరికినాయి. పాత సారాకు కొత్త సీసా. జడ్జి జాన్ జోన్స్ ఇది సైన్సు కాదని తీర్పు చెప్పినాడు. ఆ కేసులో పరిణామం తరఫున సాక్ష్యం చెప్పిన శాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ క్యాథలిక్ విశ్వాసి.

కోర్టు గెలిచినంత మాత్రాన శిల్పి ప్రశ్నకు జవాబు రాదు. జవాబు ఇది. రాతిబొమ్మ పిల్లలను కనదు. వంద రాతిబొమ్మలను గుడి ముందర వందేళ్లు పెట్టినా నూట ఒకటోది పుట్టదు. మేక ఈనుతుంది. ఈనిన పిల్లల్లో ఏ రెండూ ఒక్క తీరుగా ఉండవు. ఒకటి ఎండకు తట్టుకుంటుంది, ఒకటి రోగానికి పోతుంది. తట్టుకున్నది మళ్లీ ఈనుతుంది. బొమ్మకూ ప్రాణికీ తేడా అక్కడే. పుట్టడం, కొద్దిగా వేరుగా పుట్టడం, కొన్ని మిగలడం. ఈ మూడూ ఉన్నచోట ఉలి పట్టుకునే చెయ్యి అవసరం లేదు.

ఇంకో మాట. ఒళ్లు మొత్తం ముందే ఆలోచించి చెక్కిందైతే అన్నం పోయే దారి, గాలి పోయే దారి గొంతులో ఎందుకు కలుస్తాయి? పొలమారి ప్రాణం మీదికి ఎందుకొస్తుంది? పొద్దంతా వంగి నాట్లేసే అక్కలకు నడుము ఎందుకు పడిపోతుంది? నాలుగు కాళ్ల మీద నడిచిన ప్రాణుల వెన్నెముకే మనది. దాన్నే నిలబెట్టుకుని బతుకుతున్నాం. పాత ఇంటిని కూలగొట్టకుండా గదులు కలుపుకుంటూ పోయినట్టు ఉంటుంది మన ఒళ్లు.

పురుగు చెప్పిన పాఠం

ఎవరూ చూడలేదు అన్నారు కదా మంత్రిగారు. మన చేలల్లో చూసినోళ్లు ఇక్కడే ఉన్నారు. బీటీ పత్తి మన దేశానికి 2002లో వచ్చింది. కాయతొలిచే పురుగు ఇంక రాదన్నారు. చేనులో లక్షల పురుగులుంటాయి. అందులో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే ఆ విషానికి తట్టుకునే రకం. మిగతావన్నీ చచ్చినాయి, ఆ ఒకటీ రెండూ మిగిలి గుడ్లు పెట్టినాయి. మరుసటి ఏడు వాటి సంతతే ఎక్కువ. కొన్నేళ్లకు గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీకి చావడం మానేసింది. తర్వాత రెండో రకానికీ లొంగలేదు.

మందు పురుగును మార్చలేదు. తట్టుకున్న పురుగును మిగిల్చింది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం అంటే ఇదే, ఇంకేం లేదు. పురుగు తట్టుకున్న కొద్దీ మందు పెరిగింది. ఆ మందు డబ్బా వీపున మోసి, ఆ గాలి పీల్చింది మన కూలోళ్లే. పరిణామం తెలియకపోతే నష్టం ఏమిటో ఆ వీపులనడగండి.

నిచ్చెన ఎవరిది?

ఇప్పుడు దశావతారాల దగ్గరికొస్తాను. నరసింహస్వామి అహోబిలం మన మండలంలోనే ఉంది. తిరునాళ్లకు పోయేవాళ్లను, చెంచులక్ష్మి కథ చెప్పుకునేవాళ్లను నేను ఒక్క మాట అనను. కథ కథగా గొప్పది. దాన్ని సైన్సు పాఠం చేస్తేనే తగువు.

చేప, తాబేలు, పంది, సింహం తల మనిషి, పొట్టివాడు, ఆపైన గొడ్డలి పట్టినవాడు, ఆపైన రాజు. ఇది నిచ్చెన. ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి పోతుంది. పరిణామం నిచ్చెన కాదు, చెట్టు. చేప మనిషి కావడానికి పుట్టలేదు. ఈ పొద్దున్న చేప తన కొమ్మ చివర ఉంది, మనం మన కొమ్మ చివర ఉన్నాం. కోతి మనకు నాయన కాదు, దాయాది. ఇద్దరికీ వెనక ఒకే అవ్వ. సగం సింహం, సగం మనిషి ఏ కొమ్మ మీదా లేదు. చెట్టులో ఏ కొమ్మా ఇంకో కొమ్మకు బానిస కాదు.

మరి ఈ నిచ్చెన పైమెట్ల మీద ఎవరున్నారో చూడండి. వామనుడు బ్రాహ్మణుడు. పరశురాముడు బ్రాహ్మణుడు. రాముడు క్షత్రియుడు. బలి తల మీద కాలు పెట్టి పాతాళానికి తొక్కినవాడు పరిణామంలో ఒక మెట్టయితే, తొక్కబడ్డ బలి ఏ మెట్టు? ఈ ప్రశ్నను జోతిరావు ఫూలే 1873లోనే 'గులాంగిరి'లో వేసినాడు. అవతారాలన్నిటినీ వరసగా తీసి, ఇవి గెలిచినోళ్లు రాసుకున్న కథలని చెప్పినాడు. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. పద్నాలుగేళ్ల తర్వాత పూణేలో ఒక మాలి కులస్థుడు అడిగిన ప్రశ్నకు 2019లో కూడా వైస్ ఛాన్సలర్ల దగ్గర జవాబు లేదు.

రుగ్వేదంలోని పురుషసూక్తం నోటి నుంచి బ్రాహ్మణుడు, పాదాల నుంచి శూద్రుడు అంటుంది. నాలుగు వర్ణాలను నేనే సృష్టించినానని గీతలో చెప్పించినారు. మన దేశంలో రూపకల్పన వాదం అంటే ఇది. మనమైతే ఆ నాలుగింటిలోనూ లేం, ఊరి బయట ఉన్నాం. క్రైస్తవ పేటల నుంచి వచ్చినోళ్లు ఒక మాట అడగొచ్చు. "సార్, మా దేవుడు మనుషులందరినీ సమానంగా చేసినాడు గదా?" నిజమే, ఆ విశ్వాసంతో బానిసత్వం మీద పోరాడినోళ్లు ఉన్నారు. పరిణామం ఒట్టి ఊహ కాదు, అంతకన్నా ఎక్కువైనదని పోప్ రెండో జాన్ పాల్ 1996లో ఒప్పుకున్నారు. మీ ప్రార్థన మీది. బడిలో మాత్రం ఆధారం ఉన్నదే పాఠం కావాలి.

డార్విన్‌ను కూడా కాజేసినారు

డార్విన్ పేరుతో కూడా మనల్ని తొక్కినారు. బలమున్నోడు బతుకుతాడు, లేనోడు పోతాడు, అది ప్రకృతి ధర్మం అన్నారు. ఆ నినాదం 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ తయారుచేసింది. మన దగ్గర కులం రక్తశుద్ధి కోసం పెట్టినారని కొందరు దానికి సైన్సు రంగు పూసినారు. 1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ దాన్ని చీల్చి పెట్టినారు. పంజాబు బ్రాహ్మణుడికీ పంజాబు చమారుకూ జాతి తేడా ఏముందని అడిగినారు. 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకంలో ముక్కు కొలతలు తీసిన వాళ్ల లెక్కలతోనే ఆ వాదాన్ని ఓడించినారు.

2013లో మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి జన్యువులు చూసినారు. సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం బాగా కలిసిపోయినారు, తర్వాతే లోపలి పెళ్లిళ్ల గోడలు లేచినాయి అని తేలింది. బ్రాహ్మణుడిలోనూ కలిసిన రక్తమే, మనలోనూ కలిసిన రక్తమే. గోడ కట్టుకున్నందుకు శుద్ధి రాలేదు, జబ్బులొచ్చినాయి. ఆంధ్ర వైశ్యుల్లో ఆపరేషన్ అప్పుడు ఇచ్చే ఒక కండరాల మందుకు తట్టుకోలేని లక్షణం ఎక్కువని డాక్టర్లకు తెలుసు. ఎగతాళికి చెప్పడం లేదు. కులం పైవాళ్ల ఒంటికీ మేలు చేయలేదని చెప్తున్నా.

డార్విన్ గురించి మీకు నచ్చే ముచ్చట ఒకటి. ఎడిన్‌బరోలో చదువుకునేటప్పుడు చచ్చిన పక్షుల తోలు వలిచి, చెడిపోకుండా నింపే పనిని ఆయనకు నేర్పిన గురువు జాన్ ఎడ్మన్‌స్టోన్. గయానాలో బానిసగా ఉండి విడుదలైన నల్లమనిషి. డార్విన్ లోకమంతా తిరిగి తెచ్చిన పక్షులు పాడు కాకుండా నిలవడం వెనక ఆ చేతి పని ఉంది. తోలు పని నీచమని మనకు చెప్పినోళ్లకు ఈ సంగతి వినిపించండి.

మన నేలే సాక్షి

సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించినాడు. అక్కడ దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. దానికి కర్నూలు పేరే పెట్టినారు. ఈ పొద్దు మన సీమలో ఖడ్గమృగం ఎక్కడుంది? ఇక బనగానపల్లె దగ్గర జ్వాలాపురం. 74 వేల ఏళ్ల కిందట ఇండోనేసియాలో టోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద ఇక్కడికొచ్చి పడింది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం తవ్వి చూస్తే బూడిద కిందా రాతి పనిముట్లే, బూడిద పైనా రాతి పనిముట్లే. 2007లో ప్రపంచానికి తెలిసింది. ఏ వేదం పుట్టకముందే, ఏ కులం పుట్టకముందే, ఈ నేల మీద రాయి చెక్కి బతికిన మనుషులున్నారు. వాళ్లలో అగ్రహారం లేదు, వెలివాడ లేదు.

ఇక చేయాల్సిన పని. ఒకటి, పదో తరగతి పిల్లలున్న ప్రతి పేటలో నెలకొక సాయంత్రం ఈ పాఠం చెప్పుకుందాం. పుస్తకంలో లేకపోతే మన అరుగు మీద ఉంటుంది. రెండు, పిల్లలను జ్వాలాపురం తీసుకుపోయి చూపిద్దాం. మూడు, బడి కమిటీల్లో ఉన్న మన తల్లులు జీవశాస్త్రం టీచరు ఉన్నాడా, పాఠం జరుగుతోందా అని అడగాలి. అడిగే హక్కు మనకుంది. శాస్త్రీయ దృష్టిని పెంచుకోవడం పౌరుల విధి అని 1976 నుంచి రాజ్యాంగం 51ఎ అధికరణంలోనే ఉంది.

మనల్ని ఎవరో పాదాల నుంచి తీసి అక్కడే ఉండమని చెక్కిపెట్టలేదు. కులం మనుషులు కట్టింది. మనుషులు కట్టిందాన్ని మనుషులే కూలగొట్టొచ్చు.

జై భీమ్.