పెన్నేరుగడ్డ – పంచాయతీల బాధ్యత
(నెల్లూరు తీరగ్రామముల పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



కొరియా, చైనా దేశములలో జిన్‌సెంగ్ అను వేరునకు గల ప్రతిష్ఠ లోకవిదితము. చలి ప్రదేశములలో, నీడపట్టున పెరుగు ఆ మొక్క వేరు బలియుటకు సాధారణముగా 4 నుండి 6 సంవత్సరములు పట్టును. మన యెండకు, మన యిసుకకు అది తగినది కాదు. జిన్‌సెంగ్ నారని చెప్పి ఎవరేని అమ్మజూపినచో రైతులను హెచ్చరింపుడు.

మనకు పెన్నేరు గలదు. అశ్వగంధ యనునది యిదియే. విదేశీయులు దీనిని ‘భారత జిన్‌సెంగ్’ అందురు గాని, ఆ రెంటికిని చుట్టరికము లేదు. పెన్నేరు వంగ, మిరపల కుటుంబములోనిది. పచ్చివేరునకు గుఱ్ఱపు వాసన యుండుటచే అశ్వగంధ యను పేరు వచ్చినది.

నీరు నిలువని తేలిక నేలలలో ఇది 5, 6 నెలలకు త్రవ్వకమునకు వచ్చును. మన తీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన వర్షములు మెండు. నీట నానిన వేరు కుళ్ళును గనుక పల్లపు చేలు పనికిరావు. కొనువారెవరో తెలిసికొనిన పిదపనే విత్తుట మేలు.

ఆయుర్వేద వైద్యులు బలమునకును, నిద్రకును దీనిని వాడుదురు. అయినను ఇది సర్వరోగనివారిణి కాదు. గర్భిణులు దీనిని పుచ్చుకొనరాదు. థైరాయిడు, మధుమేహము మందులు వాడువారు ముందుగా వైద్యుని అడుగవలెను. కొందరికి కాలేయమునకు హాని కలిగిన ఉదాహరణములును గలవు.

ఇక మీ బాధ్యత. శ్రీహరికోట అడవులలోను, ఈ తీరమునను యానాదులు తరతరములుగా మూలికలను గుర్తెరిగి సేకరించిన వారు. ఆ విద్య పెద్దలతోనే అంతరించినచో మరల రాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలు జీవవైవిధ్య యాజమాన్య సంఘములను ఏర్పరచి, ప్రజా జీవవైవిధ్య పట్టికను సిద్ధపరుపవలెను. ఆ సంఘమున యానాది స్త్రీ పురుషులను కూర్చుండబెట్టుడు. వారి సమ్మతితోనే వారి యెఱుకను వ్రాయింపుడు. వేరు పెకలించిన మొక్క మరల చిగురింపదు. కావున బీడులలో కాయ పండి విత్తనము రాలువరకు మూలికలను త్రవ్వనీయకుడు.

పట్టిక బీరువాలో నుండుటకు గాదు. రాబోవు గ్రామసభలో దానిని చదివి వినిపింపుడని మేము కోరుచున్నాము.