నీళ్లు ప్రజలవి, తీర్పు ఎవరిది?

(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పెట్టుబడి వస్తే కొలువులు వస్తాయని ప్రతి నాయకుడూ చెబుతాడు. దాని వెంట వచ్చే ఒప్పందాల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ సంగతి తెలియాలంటే బొలీవియాలోని కొచబాంబా కథ వినాలి.

1999లో ఆ నగరం నీటి సరఫరాను 40 ఏళ్లకు ఆగ్వాస్ డెల్ టునారి అనే కంపెనీకి అప్పజెప్పారు. దాని వెనుక ఉన్నది అమెరికాకు చెందిన బెక్టెల్. నీటి బిల్లులు ఒక్కసారిగా పెరిగాయి. రైతులు, కార్మికులు, విద్యార్థులు రోడ్డెక్కారు. కాల్పుల్లో 17 ఏళ్ల పిల్లవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. 2000 ఏప్రిల్‌లో సర్కారు దిగొచ్చింది, కాంట్రాక్టు రద్దయింది.

కొట్లాట అక్కడితో ముగియలేదు. కంపెనీ ముందే తన యాజమాన్యంలోకి నెదర్లాండ్స్ సంస్థలను తెచ్చుకున్నది. నెదర్లాండ్స్‌తో బొలీవియాకు 1992లో పెట్టుబడుల రక్షణ ఒప్పందం కుదిరింది. దాన్ని పట్టుకుని ప్రపంచబ్యాంకు గొడుగు కింది ఇక్సిడ్‌లో కేసు వేసింది. అక్కడ తీర్పు చెప్పేది ముగ్గురు ఆర్బిట్రేటర్లు. కంపెనీ సర్కారు మీద కేసు వేయవచ్చు. ఆ ఒప్పందం కింద కంపెనీ మీద కేసు వేసే హక్కు మాత్రం జనానికి లేదు. మా మాట కూడా వినండని ఉద్యమకారులు అడిగితే ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు.

అయినా వాళ్లు ఊరుకోలేదు. దేశదేశాల్లో కంపెనీ పరువు తీశారు. చివరికి 2006 జనవరిలో కంపెనీ నామమాత్రం పైకానికి వాటాలు వదులుకుని కేసు విడిచిపెట్టింది. 2007లో బొలీవియా ఇక్సిడ్ నుంచే బయటికొచ్చింది.

మనకేమిటి అనుకోవద్దు. భారత్ ఇక్సిడ్‌లో సభ్యురాలు కాదు. అయినా ఒప్పందాలు ఇతర ట్రైబ్యునళ్లకు దారి తెరుస్తాయి. మన కోర్టుల్లో జాప్యం జరిగిందని ఆస్ట్రేలియాకు చెందిన వైట్ ఇండస్ట్రీస్ 2011లో భారత్ మీద గెలిచింది. విశాఖ మన్యం బాక్సైట్ వ్యవహారంలోనూ రస్ అల్ ఖైమా సంస్థ మన దేశం మీద ఇదే దారి పట్టింది. అక్కడ తవ్వకాలు వద్దన్నది ఆదివాసులు.

దెబ్బలు తిన్నాక ఢిల్లీ మేల్కొన్నది. ముందు ఐదేళ్లు స్థానిక కోర్టుల్లో పోరాడాలని 2015 నమూనాలో రాసింది. పాత ఒప్పందాలు చాలావాటిని రద్దు చేసింది. 2024లో యూఏఈతో అమల్లోకి వచ్చిన ఒప్పందంలో ఆ ఐదేళ్లు మూడేళ్లయ్యాయి. దీని మీద వీధుల్లో ఎంత చర్చ జరిగింది?

రద్దు చేసినా పాత పెట్టుబడులకు ఏళ్ల తరబడి రక్షణ ఉంటుంది. అందుకే అడగాల్సింది సంతకం పడ్డాక కాదు, పడకముందే. ఆ కాగితాలు మన భాషలో మన ముందు పెట్టమని అడుగుదాం. చదువుదాం, చదివి వినిపిద్దాం.