చేపకూ కావాలి లైఫ్ సర్టిఫికెట్



నేను కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగల పెద్దలు వేదిక మీదే ఉన్నారు. మత్స్యశాఖ కార్యాలయంలో గుమస్తాగా మూడు దశాబ్దాలకు పైగా పనిచేసినవాణ్ణి కనుక, ఈ పూట చేపల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా మనవడు అక్వేరియం కొనుక్కుని అందులో ఒక చేపను తెచ్చి వేశాడు. ఒళ్లంతా నల్లని మఖమల్ గుడ్డలా ఉంటుంది. తోక మాత్రం కుంకుమ అద్దినట్టు ఎర్రగా ఉంటుంది. దుకాణం వాళ్లు దాన్ని రెడ్ టెయిల్ షార్క్ అంటారు. నిజానికది షార్క్ కాదు, మన శీలావతికి దూరపు చుట్టం. "తాతయ్యా, ఇది ఏ ఏటి చేప?" అని అడిగాడు వాడు. ముప్పై ఏళ్లు చేపల ఫైళ్లు మోసిన నాకు జవాబు తెలియలేదు. సిగ్గుపడి, తెలిసినవారిని అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను.

అది థాయ్‌లాండ్ దేశపు చావొ ఫ్రయా నదీ ప్రాంతపు చేప. 1931లో హ్యూ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు దాన్ని గుర్తించి పేరు పెట్టాడు. తరువాత ఆ నదుల మీద ఆనకట్టలు వచ్చాయి, చిత్తడి నేలలు ఎండిపోయాయి. 1996లో ఈ చేప ప్రకృతిలో అంతరించిందని ప్రకటించారు. 2011 నాటికి, ఎక్కడో ఒక్క చోట మాత్రం కొద్దిగా మిగిలి ఉందని తేలింది. అదీ అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలోకి ఎక్కింది. కానీ ఆ కాలంలో ప్రపంచమంతటా అక్వేరియం దుకాణాల్లో ఇదే చేప ఎప్పుడూ కరువు కాలేదు!

ఎలాగంటారా? అక్కడి ఫారాల్లో హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టిస్తారు. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారు చేపల మెదడు కింది పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి పెంపుడు చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే మన దేశంలో జూలై 10ని చేపల రైతుల దినంగా జరుపుతున్నాం. అంతకు ముందు పిల్లల కోసం నదుల మీద ఆధారపడేవాళ్లు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో బొచ్చె, శీలావతి అంత విరివిగా పెరిగాయంటే దాని వెనుక ఆ ఇంజెక్షన్ ఉంది.

నేను సీడ్ ఫారం స్టాక్ రిజిస్టరు రాసేవాణ్ణి. పుట్టినవి ఎన్ని, చనిపోయినవి ఎన్ని, అమ్మినవి ఎన్ని, నిల్వ ఎంత, ఇవీ అందులోని కాలములు. ఏటిలో ఎన్ని ఉన్నాయన్న కాలము ఆ రిజిస్టరులో లేదు. ఆ రోజుల్లో నాకు ఆ లోటు తట్టనే లేదు.

మిత్రులారా, మనం బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఎక్కడో మన ఫోటో ఉంది కదా అంటే ట్రెజరీ వారు ఒప్పుకోరు. చేప విషయమూ అంతే. దుకాణంలో లక్షలు ఉన్నాయి కదా అంటే లెక్కకు రాదు. ఫారంలో తరతరాలుగా కొద్దిపాటి తల్లిదండ్రుల నుంచే పిల్లలు వస్తుంటే రక్తం పలచబడుతుంది. వేళకు మేత, శత్రువులేని నీరు అలవాటైన చేపకు ఏటిలో బతకడం మరచిపోతుంది. సొంత ఏరే సర్టిఫికెట్ ఇవ్వాలి.

అలా సర్టిఫికెట్ తిరిగి సంపాదించుకున్న చేప ఒకటి ఉంది. మెక్సికో దేశంలో హలిస్కో రాష్ట్రంలో తెయుచిత్లాన్ అనే ఊళ్లో ఒక చిన్న ఏరు ఉంది. అక్కడి చేప పేరు టెకీలా చేప. టెకీలా ఆ దేశపు సారా పేరని మా మనవడు నవ్వాడు గాని, ఈ చేపకు ఆ పేరు దగ్గరలో ఉన్న అగ్నిపర్వతం వల్ల వచ్చింది. వేలెడంత చేప. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. కాలుష్యం వల్ల, బయటినుంచి తెచ్చి వదిలిన పరాయి చేపల వల్ల ఆ ఏటిలో పూర్తిగా మాయమైంది.

అయితే ఇంగ్లండులో ఐవన్ డిబుల్ అనే చేపల ప్రియుడు తన తొట్లలో వాటిని పెంచుతున్నాడు. 1998లో ఆయన దగ్గరి అయిదు జతలు, అంటే పది చేపలు, చెస్టర్ జంతుప్రదర్శనశాల వారి ద్వారా మెక్సికోలోని మిచోఆకాన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. అక్కడివారు 15 ఏళ్లపాటు వాటి సంతతిని పెంచారు. తరువాత నేరుగా ఏటిలో పోయలేదు. 40 మగ, 40 ఆడ చేపలను ముందు పెద్ద చెరువుల్లో వదిలారు. అక్కడ మేత ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. పరాన్నజీవులు ఉంటాయి, పట్టి తినేవీ ఉంటాయి. మన ఉద్యోగాల్లో ప్రొబేషన్ అన్నమాట! నాలుగేళ్లలో అవి సుమారు 10,000 అయ్యాయి.

ఈలోగా ఏటిని పరీక్షించారు, పరాయి చేపలను తగ్గించారు, ఊరివారికీ బడిపిల్లలకూ సంగతి చెప్పి కలుపుకున్నారు. 2017లో 1,500 చేపలను ఏటికి అప్పగించారు. ఆరు నెలల్లో వాటి సంఖ్య 55 శాతం పెరిగింది. ఆ పది చేపల వంశమే ఇదంతా.

రెండు కథలకూ తేడా గమనించండి. రెండు చోట్లా తొట్టెలో పిల్లలు పుట్టాయి. ఒక చోట అవి అమ్మకానికి వెళ్లాయి, మరొక చోట ఇంటికి వెళ్లాయి.

మన దేశంలోనూ ఇలాంటి చేప ఉంది. కేరళ, కర్ణాటక కొండ ఏరుల్లో ఉండే మిస్ కేరళ. ఒంటిమీద ఎర్రగీత, నల్లగీత. 1865లో ఫ్రాన్సిస్ డే దీనికి అప్పటి మద్రాసు గవర్నరు డెనిసన్ పేరు పెట్టాడు. 2005–2012 మధ్య మన దేశం నుంచి ప్రమాదంలో ఉన్న 30 జాతుల మంచినీటి చేపలు కనీసం 15 లక్షలు ఎగుమతి అయ్యాయని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. వాటిలో ఇదీ ముఖ్యమైనది. దీని చేత కూడా తొట్లలో పిల్లల్ని పెట్టించగలిగారు. ఏటిలో పట్టిన చేపకు బదులు తొట్టెలో పుట్టిన చేపనే అమ్మితే ఏటి మీద బరువు తగ్గుతుంది. కనుక కొనేటప్పుడు "ఇది పుట్టిందా, పట్టిందా?" అని అడగండి. అడగడం మనకు అలవాటే కదా!

చివరగా నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం మా అబ్బాయికి బదిలీ అయినప్పుడు, వాళ్లింట్లో పెరిగిన సక్కర్ చేపలను చంపడం ఇష్టం లేక, పుణ్యమని మా ఊరి చెరువులో వదిలాను. కొన్నేళ్లకు చేపలు పట్టే అతను చిరిగిన వల నాకు చూపించి, "బాబుగారూ, ఇదేం చేపో, వలకు ముళ్లు గుచ్చుకుంటాయి, కోసి పారేయాల్సి వస్తోంది" అన్నాడు. ఆంధ్ర చెరువుల్లో ఈ చేప ఈనాడు చాలాచోట్ల బెడద అయింది. అందరిలాగా నేనూ ఒక చెయ్యి వేశాను. అతనికి ఆ మాట చెప్పే ధైర్యం ఆరోజు నాకు లేకపోయింది. ఈరోజు మీకు చెబుతున్నాను. తొట్టెలోని చేప వద్దనుకుంటే దుకాణానికి తిరిగివ్వండి, పెంచే మరొకరికి ఇవ్వండి. చెరువులో, కాలువలో మాత్రం వదలకండి.

ఇక మనలో చేపలు పెంచేవారికి ఒక్క మనవి. ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ చేప, ఎక్కడ కొన్నారు, ఎప్పుడు పిల్లలు పెట్టింది, ఎవరికిచ్చారు అని రాయండి. జాతులు కలపకండి. మనకు తీరిక ఉంది, రిజిస్టరు రాసిన చెయ్యి ఉంది. ఏ ఏటి చేపో తెలియకపోతే, ఏనాడైనా దాన్ని ఇంటికి పంపాలన్నా దారి ఉండదు.

మా మనవడు ఇప్పుడు పుస్తకం రాస్తున్నాడు. మొదటి పేజీలో "సొంత ఊరు: చావొ ఫ్రయా" అని నా చేత రాయించాడు.