కిర్రుమను పలకల నేల



ఇతరులకు మేడలు కట్టుటకై తెలుగుసీమనుండి ముంబయి చేరిన కామాటీల పేరనే కామాఠీపుర వెలసినది. ఆ ప్రాంతపు పాత చాళ్లలో పెక్కింటికి పై అంతస్తుల నేల దూలములపై కొయ్యపలకలు పఱచి చేసినది. అడుగిడగనే కిర్రుమను అట్టి నేలను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

కొయ్య వానకాలమున తేమ పీల్చి ఉబ్బును, ఎండలకు కుంచించుకొనును. ఏండ్ల తరబడి ఇట్లు జరుగగా మేకు పట్టు సడలి, పలకకును దూలమునకును నడుమ సందు ఏర్పడును. పాదము మోపినపుడు పలక క్రుంగి మేకును గాని ప్రక్కపలకను గాని ఒరసికొనును. ఆ రాపిడియే మనము వినెడి చప్పుడు.

ఒకరు మెల్లగా నడచుచుండగా వేరొకరు చప్పుడు వచ్చు చోట సుద్దతో గుర్తు పెట్టవలెను. పలకల అంచులు రాచుకొనుచున్నచో సందులో బలపపు పొడి చల్లి అటునిటు త్రొక్కిన చాలును. మేకు సడలినచో దానినే మరల సుత్తితో కొట్టుట వృథా. కొలది దినములకే అది వదులగును. పాత మేకుల వరుసను బట్టి దూలమున్న చోటు తెలియును. క్రింద విద్యుత్తు తీగలు లేవని చూచుకొని, ఆ వరుసలోనే బరమాతో సన్నని రంధ్రము చేసి, దూలములోనికి దిగునంత పొడవైన స్క్రూను తల అణగునట్లు బిగింపవలెను. క్రిందినుండి సందు కనుపించినచో జిగురు పూసిన పలుచని కొయ్యచీలికను మెల్లగా జొనుపవచ్చును. బలముగా కొట్టినచో పలక పైకి లేచును. మన నేల క్రిందివారికి కప్పు గనుక వారితో చెప్పియే పని మొదలుపెట్టుట మర్యాద.

ముఖ్యమైన మనవి ఇంకొకటి కలదు. కిర్రుమను పలకవలన సాధారణముగా ప్రమాదము లేదు. చప్పుడు లేకయే మెత్తగా దిగు పలకకు భయపడవలెను. మోరీ చెంతను, దూలపు కొన గోడలోనికి చొచ్చిన చోటను తేమ చేరి కొయ్య క్రుళ్లును, చెదలును పట్టును. స్క్రూడ్రైవరు మొన సులభముగా దిగినను, తట్టినపుడు డొల్లగా మ్రోగినను, నేల ఒకవైపునకు వాలినను సొంత మరమ్మతుతో సరిపుచ్చరాదు. బరువైన బీరువాలను, నీటి పీపాలను అచటినుండి తొలగించి, యజమానికి వ్రాతమూలముగా తెలుపుడు. సెస్సు చెల్లించు భవనమైనచో మ్హాడా మరమ్మతుల మండలికి కూడ అర్జీ పెట్టుడు; దాని నకలును భద్రపరచుకొనుడు.

చప్పుడు మాన్పుటకు ముందు దాని కారణము కనుగొనుడు. ఆ పలకల క్రింద వేరొక కుటుంబము నిద్రించుచున్నదని మఱువకుడు.