పట్నంలో సీటు వచ్చింది, మరి గది?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులు ఇస్తున్నాము. చప్పట్లు కొడుతున్నాము. సంతోషమే. కాని సీటు వచ్చిన పిల్లవాడు పెట్టె పట్టుకుని పట్నంలో బస్సు దిగాక ఆ రాత్రి ఎక్కడ తల దాచుకుంటాడన్న మాట మనం ఎప్పుడూ అడగలేదు. ఈసారి ఆ సంగతే నాలుగు మాటలు మనవి చేయదలచాము.

మన పద్మనాభం చరిత్ర లేని ఊరు కాదు. కొండ మీద అనంత పద్మనాభస్వామి కోవెల. కొండ దిగువన 1794 జూలై 10న చిన విజయరామరాజు కుంఫిణీ సైన్యంతో పోరాడి నేలకొరిగిన చోటు. ఇక్కడి పిల్లలకు దాకమర్రిలోనో, సంగివలసలోనో, విజయనగరంలోనో సీటు వస్తే పొద్దున్నే చద్దిమూట కట్టుకుని వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరతారు. చిక్కంతా ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, రుషికొండ వైపో, గాజువాక వైపో సీటు వచ్చినప్పుడే. రోజూ రానూపోనూ బస్సులోనే సగం రోజు పోతే చదివేదెప్పుడు?

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరింది. దాని చుట్టూ పెదవాల్తేరు, చినవాల్తేరు, మద్దిలపాలెం, ఇసుకతోట పేటల్లో తరతరాలుగా విద్యార్థులు అద్దెకు ఉంటూనే ఉన్నారు. హాస్టలు గదులు అందరికీ ఏనాడూ చాలవు. మిగిలినవాళ్ళు టులెట్ బోర్డులు చూసుకుంటూ వీధులు తిరగాల్సిందే.

మేమూ ఆ వీధులు తిరిగాము. మా బంధువుల కుర్రవాడికి గది కోసం ఒక ఆదివారం పొద్దున్న బయలుదేరాము. ఒక పెద్దావిడ గది చూపించి, "కుళాయి రెండు పూటలా వస్తుంది బాబూ, అన్నీ సదుపాయమే" అన్నది. అద్దె కుదిరింది. అడ్వాన్సు చేతికివ్వబోతూ ఉండగా, "నీ పేరేంటి బాబూ?" అని అడిగింది. కుర్రవాడు పేరు చెప్పాడు. ఆవిడ లోపలికి వెళ్ళి వచ్చి, "మా తమ్ముడి కొడుకు వస్తానన్నాడంట, మాకు తెలీలేదు, ఏమీ అనుకోకు నాయనా" అన్నది. గొంతులో కోపం లేదు. కుర్రవాడూ ఏమీ అనలేదు. వీధి మలుపు తిరిగాక మాత్రం, "చాచా, వచ్చే ఇంట్లో పేరు ముందే చెప్పేద్దాం, టైము కలిసొస్తుంది" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

అయితే న్యాయం చెప్పాలి. అదే రోజు సాయంత్రం ఇంకో వీధిలో ఒక రిటైరైన మాస్టారు పేరు విన్నాక కూడా, "చదువుకునేవాడికి కులమేంటి, మతమేంటి? రాత్రి పదింటికి గేటు వేసేస్తాను, అదొక్కటే షరతు" అని తాళంచెవి ఇచ్చారు. కుర్రవాడు అక్కడే రెండేళ్ళున్నాడు. పండక్కి షీర్ ఖుర్మా ఆ ఇంటికే ముందు వెళ్ళేది.

ఇక మన తప్పులు కూడా మనం చెప్పుకోవాలి. పట్నంలో సొంత వాటాలున్న మనవాళ్ళే కొందరు, "బ్రహ్మచారులకు ఇవ్వం, ఫ్యామిలీకే" అంటారు. కొందరు పిల్లలు ఇద్దరమని చెప్పి ఐదుగురు చేరతారు. చెప్పాపెట్టకుండా ఖాళీ చేస్తారు. ఒకడు చేసిన పనికి వెనక వచ్చే పదిమందికి తలుపు మూసుకుంటుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. మనకు తెలిసిన ఒక అమ్మాయికి పట్నంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. తండ్రి మూడుసార్లు వెళ్ళి వచ్చాడు. ఒకచోట అద్దె అందలేదు, ఒకచోట వీధి నచ్చలేదు. మూడోసారి వచ్చి, "వద్దులే అమ్మా" అన్నాడు. ఆ పిల్ల తెలివిలో లోపం లేదు, తండ్రి ప్రేమలో లోపం లేదు. ఒక గది దొరక్క చదువు ఆగిపోయింది. ఇది ఆ తండ్రి ఒక్కడి మీద వేసే నింద కాదు. నాలుగిళ్ళు తెలిసిన మనం నోరు విప్పి చెప్పలేదు.

ఇప్పుడు గది వెతికే పిల్లలకు, తల్లిదండ్రులకు మా అనుభవంలోని కొన్ని మాటలు.

గది కళ్ళారా చూడకుండా అడ్వాన్సు పంపవద్దు. ఫోనులో ఫోటోలు పెట్టి, ముందు డబ్బు వేయమనేవారిలో మోసగాళ్ళున్నారు. పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్ళి చూడండి. కుళాయి తిప్పి చూడండి. పక్క వాటావాళ్ళను పలకరించండి.

డాబా మీద రేకుల గది చవగ్గా వస్తుంది. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డప్పుడు రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి. శ్లాబు ఇల్లు చూసుకోవడమే క్షేమం.

కరెంటు మీటరు విడిగా ఉందా, అందరికీ ఒకటేనా అడగండి. యూనిట్లు పెరిగినకొద్దీ రేటూ పెరుగుతుంది. మూడు వాటాలకు ఒకే మీటరైతే తక్కువ వాడినవాడి నెత్తిన కూడా ఎక్కువ రేటే పడుతుంది. చేరిన రోజునే రీడింగు రాసుకోండి.

అగ్రిమెంటు పదకొండు నెలలకు ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠంలో ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాలని ఉంది. ఆ ఖర్చు లేకుండా పదకొండు నెలలకు రాసుకుంటారు. రాయించుకోవడం మాత్రం మానవద్దు. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, సున్నానికి ఎంత పట్టుకుంటారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో, నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని ఉంది. అది నమూనాయే అయినా, బేరమాడేటప్పుడు చెప్పుకోవడానికి పనికొస్తుంది. అద్దె బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో కట్టండి. చేతికిస్తే రసీదు అడగండి.

రాతకోతలు అంటే అపనమ్మకం అని మనవాళ్ళలో కొందరు మొహమాటపడతారు. ఖురాన్ షరీఫ్‌లోని అతి పొడవైన ఆయత్, అంటే రెండో సూరాలోని 282వది, అప్పు లావాదేవీ రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని చెప్పేదే. రాసుకుంటే స్నేహం చెడదు, నిలుస్తుంది.

పెద్దలారా! సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో 1877లో కాలేజీ నెలకొల్పినప్పుడు తరగతులతో పాటు విద్యార్థుల బసకూ అంతే ప్రాధాన్యమిచ్చారు. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి హాస్టలు పల్లెల నుంచి వచ్చిన ఎన్ని కుటుంబాల రాత మార్చిందో అందరికీ తెలుసు. మనం అంతటి భవనం కట్టలేకపోవచ్చు. చేయగలిగినవి చేద్దాం.

అందుకని సంఘానికి మూడు ప్రార్థనలు. ఒకటి, పట్నంలో విద్యార్థులకు గది ఇచ్చే ఇళ్ళ వివరాలు ఒక రిజిస్టరులో రాసి పెట్టాలి. మనవాళ్ళ ఇళ్ళే కానక్కరలేదు. ఆ మాస్టారివంటి ఇళ్ళు మొదటి పేజీలో ఉండాలి. రెండు, అడ్వాన్సు కట్టలేని పిల్లలకు ఖర్జె హసనాగా వడ్డీ లేని సొమ్ము ఇవ్వాలి. ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సు తిరిగి వస్తుంది, ఆ సొమ్ము ఇంకో పిల్లకు అందుతుంది. మూడు, పిల్లవాడి వెంట సంఘం పెద్ద ఒకరు వెళ్ళి, "ఈ కుర్రవాడికి మేము పూచీ" అని చెప్పాలి. ఆడపిల్లల కోసం ఆ పని మన చెల్లెళ్ళే చేపట్టాలి.

విద్యార్థులకు ఒక మాట. మీరు ఆ గదిలో నడుచుకునే తీరే మీ తమ్ముడికి, చెల్లికి సిఫారసు ఉత్తరం. గది ఖాళీ చేసిన రోజున ఊడ్చి, తాళంచెవి చేతికిచ్చి, సలాం చెప్పి రండి.

వచ్చే ఏడు ఇదే సభలో బహుమతులిచ్చేటప్పుడు, మార్కులతో పాటు ఇంకో మాట కూడా చదవాలని మా కోరిక: "ఈ ఏడు గది దొరక్క చదువు మానినవారు ఎవరూ లేరు." ఆ మాట చదివే అదృష్టం అల్లా మనకు ప్రసాదించుగాక.