మన ఆడపిల్లల ఆరోగ్యం: సిగ్గు పేరుతో దాచకూడని మాటలు

(సంఘం వార్షికోత్సవ సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లల ఫీజులకు, రేషన్ కిట్లకు, పేదింటి పెళ్లిళ్లకు మీరిచ్చే చేయూత గురించి ఏటా ఈ వేదిక మీద చెప్పుకుంటాం. ఈసారి మేము మాట్లాడదలచినది ఎదిగే వయసు ఆడపిల్లల ఆరోగ్యం గురించి, చాటుగా చేయించే గర్భస్రావాల వల్ల వాళ్ల ప్రాణాలకు వచ్చే ముప్పు గురించి. అందరి ముందు ఈ మాటలేమిటని కొందరికి అనిపించవచ్చు. మదీనాలోని అన్సారీ స్త్రీలు ధర్మం తెలుసుకోవడానికి సిగ్గును అడ్డం రానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజి.) మెచ్చుకున్న సంగతి హదీసుల్లో ఉంది. అడిగి తెలుసుకోవడానికి హయా అడ్డు కాదు.

మక్తబులో బాజీలు ఆడపిల్లలకు తహారత్ నేర్పుతారు. నెలసరిలో నమాజు ఎప్పుడు మానాలో, గుస్ల్ ఎప్పుడు చేయాలో పన్నెండేళ్ల పిల్లకు తెలుసు. ఆ నెలసరి ఎందుకు వస్తుందో, ఆగిపోతే ఎవరికి చెప్పాలో మాత్రం తెలియదు. సగం చెప్పి ఆపేస్తున్నాం.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఇళ్ల సంగతి మీకు తెలిసిందే. తల్లి కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఇంటిపనిలో ఉంటుంది. పిల్ల నానీ దగ్గరో దాదీ దగ్గరో పెరుగుతుంది. డబ్బు వస్తుంది, వీడియో కాల్ వస్తుంది. పిల్ల ముఖం చూసి ఏమైందమ్మా అని అడిగే తల్లి మాత్రం పక్కన ఉండదు. అలాంటి ఇంట్లో పదహారేళ్ల పిల్లకు నెల తప్పిందనుకోండి. ప్రేమ పేరుతో మోసపోయి ఉండవచ్చు, దగ్గరివాడే బలవంతం చేసి ఉండవచ్చు, తొందరపడి చేసిన పెళ్లే కావచ్చు. భయంతో రెండు మూడు నెలలు ఎవరికీ చెప్పదు. ఆ తర్వాత మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు, అవి పనిచేయకపోతే చాటుగా ఎవరి దగ్గరికో.

ఆ మాత్రలు డాక్టరు చూసి, వారాలు లెక్కకట్టి ఇవ్వవలసినవి. గర్భం సంచిలో కాక ట్యూబులో ఉంటే అవి పనిచేయవు. ట్యూబు పగిలితే లోపలే రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. గర్భం పూర్తిగా పోక కొంత లోపల మిగిలితే రక్తం ఆగదు, చీము పడుతుంది. శుభ్రం లేని పరికరాలతో గర్భసంచికి చిల్లు పడవచ్చు. బతికి బయటపడినా ముందుముందు పిల్లలు కలగకపోవచ్చు. ప్రపంచంలో జరిగే గర్భస్రావాల్లో దాదాపు 45 శాతం సురక్షితం కానివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒక్కమాట గుర్తుంచుకోండి: గంటకు రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసినా, జ్వరం, దుర్వాసన, తీవ్రమైన కడుపునొప్పి, కళ్లు తిరగడం వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

చట్టం గురించి కూడా భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. మన దేశంలో 1971 చట్టం ప్రకారం అర్హుడైన డాక్టరు నిర్ణీత కారణాలపై గర్భస్రావం చేయవచ్చు. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులకు, 18 ఏళ్లు నిండని పిల్లలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు వీలుంది. చట్టంలోని రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే ఎంబీబీఎస్ చదివి ఈ పనిలో శిక్షణో అనుభవమో ఉన్న డాక్టరు. మన వీధిలో ఆర్‌ఎంపీ అని పిలిచే ఆయన కాదు.

మైనరు పిల్లకు సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. సంరక్షకులంటే పిల్ల బాగోగులు చూసేవారని చట్టం చెబుతుంది. కాబట్టి తల్లి గల్ఫ్‌లో ఉందని దిగులుపడి వారాలు గడపనక్కరలేదు, పెంచుతున్న నానీ సంతకం చేయవచ్చు. పోక్సో కింద పోలీసులకు తెలపాలి, నిజమే. కానీ పిల్ల, సంరక్షకులు కోరితే డాక్టరు ఆ సమాచారంలో పిల్ల పేరు చెప్పనక్కరలేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ధర్మం పరంగా సందేహాలుంటే ఉలమాలను అడగండి, మేము ఫత్వా ఇవ్వడం లేదు. ఏ నిర్ణయమైనా పెద్దల తోడుతో, సరైన డాక్టరు దగ్గర జరగాలన్నదే మా మాట.

ఇక పెళ్లిళ్ల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భిణులు. ఇది ఒక్క మతం లెక్క కాదు, అందరి లెక్క. అయినా మన ఇంటిని మనమే సరిచేసుకోవాలి. పేదపిల్ల పెళ్లికి సాయం చేయడం పుణ్యమే. కానీ పదహారేళ్ల పిల్ల పెళ్లికి మనమిచ్చే డబ్బు ఆ పిల్లను ప్రమాదంలోకి నెడుతుంది.

అందుకే దాతలను మూడు కోరుతున్నాం. పెళ్లి సాయం దరఖాస్తుతో అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండిన వయసు పత్రం తప్పక అడగాలి. ప్రతి మొహల్లాలో పిల్లలు భయం లేకుండా చెప్పుకోగలిగే, గుట్టు కాపాడే ఒక బాజీని ఎంపిక చేసి, ఆమెకు డాక్టరుతో శిక్షణ ఇప్పించాలి. రాజోలు నుంచి అమలాపురానికో కాకినాడకో అర్ధరాత్రి వెళ్లవలసి వస్తే కారు బాడుగకు, రక్తానికి, స్కానింగుకు పేర్లు రాయని ఒక చిన్న నిధి ఉంచాలి.

ఆడపిల్లలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ఆ అమానత్‌ను కాపాడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.